కళ్ళకద్దుకునేంత సేపు

పెట్టెలో తప్పు లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టింది నేనే. కింద తేదీ, టైము కూడా వేశాను. తేదీ వేయకుండా నేను ఏదీ రాయను. మా ఇంట్లో కందిపప్పు డబ్బా మీద కూడా పప్పు పోసిన తేదీ చీటీ ఉంటుంది. ఆ కాగితాన్ని ఆదోని మార్కెట్ యార్డులో ఒక పత్తి మండీ యజమాని తన కుర్చీ వెనక గోడకు అంటించుకున్నాడు. అది పద్దెనిమిది రోజులు అక్కడ ఒక్కటే ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ ఒక మనిషిని దొంగను చేసి నిలబెట్టింది ఆ నాలుగు వరుసలే.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. హైదరాబాదులో కంప్యూటర్లు తయారుచేసే ఒక సంస్థలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. నేను రాసింది కెర్నెల్. యంత్రంలో అన్నిటికంటే అడుగున ఉండి, ఏ పని ఎప్పుడు జరగాలో, ఏది ఏ చోట దాచాలో చూసుకునే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. మీట నొక్కినా, తెర వెలిగినా, కాటా బరువు చెప్పినా ముందు దాని చెవినే పడాలి. రిటైరై ఆదోనికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇంక ఆ పని ముట్టనని అనుకున్నాను.

ముట్టేలా చేసింది నా తమ్ముడి కూతురు. బెంగళూరులో ఆరేళ్ళు అదే పని చేసి, ఎమ్మిగనూరుకు తిరిగొచ్చి, తమ్ముడి ఇంటి మేడ మీద రెండు గదుల్లో చిన్న కార్ఖానా పెట్టుకుంది. కాటాల పక్కన ఉంచే పెట్టెలు తయారుచేస్తుంది. మూటను కాటా మీద పెట్టి పెట్టెకున్న పచ్చ మీట నొక్కితే చాలు, వరుస సంఖ్యతో సహా బరువును లోపల రాసుకుంటుంది. కాసేపు ఎవరూ ముట్టకపోతే కరెంటు ఆదా కోసం నిద్రపోతుంది. మీట నొక్కితే లేస్తుంది. లోపలి ప్రోగ్రాము ఆమె రాస్తుంది. ప్రతి వరుసా నేను చదివి సరే అన్నాకే పెట్టెలోకి పోతుంది. ఇది మా ఇద్దరి కట్టుబాటు.

అలాంటి పెట్టె ఒకటి ఆ మండీలో పెట్టారు. పెట్టె వచ్చినా అక్కడ పాత పద్ధతి పోలేదు. కాటా వేసే మనిషి బరువును గట్టిగా పలుకుతాడు, పక్కన కూర్చున్న గుమాస్తా దాన్ని కాగితం మీద రాసుకుంటాడు. సాయంత్రం కాగితంలో మూటలెన్నో, పెట్టెలో మూటలెన్నో సరిచూస్తారు. నెల తిరిగేసరికి రెండుసార్లు పెట్టెలో ఒక మూట తక్కువ వచ్చింది. అప్పటికే మూటలు విప్పి పత్తిని జిన్నింగు మిల్లు లారీకి ఎక్కించేసి ఉంటారు. మళ్ళీ లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు. గుమాస్తా తనకు వినిపించింది రాసే మనిషి. కాబట్టి లేని మూటను ఉందని పలికింది కాటా మనిషేనని, ఏ రైతుతోనో మాట్లాడుకుని ఉంటాడని యజమానికి అనుమానం. అయినా పెట్టె కొత్తది కాబట్టి ముందు మాకు ఫోను చేశాడు.

నేను ఎమ్మిగనూరు పోయి, అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె ముందు రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఐదువందల సార్లు మీట నొక్కాను. నాలుగు నిలువు గీతలు, ఐదోదానికి ఒక అడ్డగీత, అలా నోటుబుక్కులో వంద కట్టలు గీశాను. ఐదువందలకు ఐదువందలూ వచ్చాయి. అప్పుడు రాశాను ఆ కాగితం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు మూట తగ్గింది. ఈసారి యజమాని మాకు ఫోను చేయలేదు. గోడ మీది కాగితం వైపు వేలు చూపించాడు.

నవంబరులో ఒక సోమవారం, పొద్దున ఎనిమిదింబావుకు, కాటా మనిషి మా ఇంటికి వచ్చాడు. యాభై ఐదేళ్ళుంటాయి. ఆస్పరి దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి, ఇరవై ఆరేళ్ళుగా అదే మండీలో కాటా వేస్తున్నాడు. చెప్పులు విడిచి గడప అవతలే నిలబడ్డాడు.

“పెట్టెకు సర్టిఫికెట్టు ఇచ్చినోళ్ళు మీరేనామ్మా?”

“నేనే.”

“నాకు గూడా ఒగటి రాసియ్యండి. ఈ మనిషిలో తప్పు లేదని.”

“నిన్ను నేను పరీక్ష చేయలేదు కదప్పా. చూడనిదాన్ని ఎట్లా రాస్తాను?”

“పెట్టెను ఐదునూర్ల తూర్లు నొక్కి చూసినారంట. నన్ను ఒక్క తూరన్నా అడిగినారా, ఏమప్పా, నువ్వెట్ల కాటా ఏస్తావని?”

నాకు కోపం వచ్చింది. అతను చెప్పింది సరైన మాట కావడం వల్ల వచ్చిన కోపం అది. మంచినీళ్ళిస్తే తాగి, చెంబు గడప మీద పెట్టాడు.

“శనివారం దాకా టైమిచ్చినాడమ్మా మా యజమాని. ఆ మీదట ఆడ కాటా కాడ ఇంగో మనిషి నిలబడతాడు. పని పోతే పోయె, యాడన్నా మూటలు మోసుకుంటా. ఇరవై ఆరేండ్లు ఏసిన కాటా అంతా దొంగకాటా అంటారే, అది యాడికి పోయి కడుక్కునేది?”

“పెట్టె అబద్ధం చెప్పదప్పా,” అన్నాను. ముప్పై మూడేళ్ళ అలవాటు, నోట్లోంచి వచ్చేసింది.

“నేను సెప్తానా? దానికి నోరు లేదు, నాకుండాది. అంతే గదా తేడా?” అని చెప్పులేసుకుని పోయాడు.

మంగళవారం తొమ్మిది గంటల బస్సెక్కి, పది దాటి ఏడు నిమిషాలకు ఎమ్మిగనూరులో దిగాను. తమ్ముడి వీధిలో ఇంకా కొన్ని ఇళ్ళలో మగ్గాలు నడుస్తున్నాయి. కిటికీ తెరిస్తే ఆ చప్పుడు, మూస్తే ఉక్క. గొంతు పెంచకుండా ఏ మాటా అవతలికి చేరదు. అత్తా కోడలూ ఆ వారమంతా పోట్లాడుకున్నారని వీధి వాళ్ళు అనుకున్నారు. నిజానికి పోట్లాడుకున్నాం కూడా.

“అత్తా, మల్లా మొదలుపెడతావా? ఐదునూర్లు నొక్కి, నీ చేత్తోనే రాసిస్తివి గదా.”

“నాలుగు రోజులు తగ్గింది. నాలుగు రోజులూ ఒక్కో మూటే తగ్గింది. దొంగయితే ఒక రోజు రెండైనా కలపడా?”

“ఆశ తక్కువ దొంగేమో.”

“మాటలు తర్వాత. ప్రోగ్రాము తియ్యి.”

నా అనుమానం రేస్ కండిషన్ మీద ఉంది. ఆ పెట్టె లోపల ఒకేసారి వేరువేరు పనులు చేసుకుపోయే భాగాలు, కోర్లు అంటారు, రెండు. రెండూ ఒకే సంఖ్యను ఒకేసారి ముట్టుకుంటే ఏం జరుగుతుందో తమ్ముడి ఇంటి తలుపు మీదే చూడవచ్చు. తాగే నీళ్ళ క్యాన్లు ఎన్ని వచ్చాయో ఆ తలుపు వెనక సుద్దతో రాస్తారు. ఒకరోజు తమ్ముడు తలుపు మీద ఆరు చూసి, ఏడు రాయాలని సుద్దముక్క వెతకడానికి లోపలికి పోయాడు. ఈలోపు మరదలు ఇంకో క్యాను దింపించుకుని, చేతిలో ఉన్న సుద్దతో ఆరు తుడిచి ఏడు వేసింది. తమ్ముడు వచ్చి, తలుపు వంక చూడకుండా, తన తలలో ఉన్న ఏడునే మళ్ళీ దిద్ది పోయాడు. వచ్చినవి ఎనిమిది, తలుపు మీద ఏడు. ఇద్దరూ సరిగ్గానే కూడారు. ఎవరిని నిలదీసినా నా తప్పు లేదనే అంటారు. వాళ్ళిద్దరూ పది నిమిషాలు ఎడంగా వచ్చి ఉంటే ఎప్పటికీ తప్పు రాదు. ఇలాంటి తప్పును వెతకడంలో ఉన్న విసుగు అదే: తప్పు మనిషిలో ఉండదు, సుద్దలో ఉండదు, వాళ్ళు వచ్చిన వేళల్లో ఉంటుంది. మనం చూడబోయే వేళకు ఆ వేళ పోయి ఉంటుంది.

మంగళవారం ప్రోగ్రాము మొత్తం చదివాం. వెయ్యిన్నీ నూటనలభై వరుసలు. బుధవారం, ఒకటి ఉండగా రెండోదాన్ని ఆపే తాళం లేకుండా రెండు కోర్లు ఒకే చోటికి వస్తే అరిచే పరికరాన్ని కెర్నెల్‌లో పెట్టింది కోడలు. అది పెట్టగానే పెట్టె ఎండలో నడిచే ఎద్దులా నిదానమైంది. మధ్యాహ్నం దాకా నడిచి రెండు చోట్ల అరిచింది. రెండూ తెర వెలుతురుకు సంబంధించినవి, మూటలకు ఏ సంబంధమూ లేదు. వాటిని తేల్చుకోవడానికే రెండు గంటలు పట్టింది. పరికరం అరిచినందుకు దాన్ని తిట్టాను, అరవాల్సిన చోట అరవనందుకు ఇంకా తిట్టాను.

తమ్ముడు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చి మేడ మీదికి తెచ్చాడు. నా ముఖం చూసి పొట్లం బల్ల మీద పెట్టి దిగిపోయాడు.

“అత్తా, ఒక మాట చెప్తా, తిట్టొద్దు,” అంది కోడలు బజ్జీ విరుస్తూ. “మీట నొక్కినప్పుడల్లా లోపల ఒక అర సెకను ఆగమందాం. ఏ రెండు పనులు గుద్దుకుంటాండాయో అవి ఎడమైపోతాయి. శనివారం లోపల పెట్టె మార్చి ఇచ్చేయొచ్చు.”

“ఎక్కడ గుద్దుకుంటున్నాయో తెలుసా?”

“తెలీదు.”

“తెలియని జబ్బుకు నిద్రమాత్ర వేస్తావా? రోగి అరవడం మానేస్తాడు, అంతే. రేపు ఇంకో ఊళ్ళో, ఇంకో కాటా దగ్గర, ఇంకో మనిషిని దొంగ అంటారు. నువ్వు రాస్తావా కాగితం?”

“ఒక కాగితం రాసినదానివి నువ్వు గదా, రెండోది గూడా నువ్వే రాయి,” అంది. తర్వాత నాలుక కరుచుకుంది. నేను ఉగ్గాని తినలేదు. ఆదోని బస్సు మూడున్నరకు.

బస్సులో కూర్చుని నోటుబుక్కు తీశాక నాకు ఒక సంగతి తట్టింది, తట్టగానే నా మీద నాకే అసహ్యం వేసింది. ఎన్ని మూటలు తగ్గాయో అందరం చూశాం. ఏ మూట తగ్గిందో ఎవరూ చూడలేదు. యజమాని మొత్తాలు చెప్పాడు, నేను మొత్తాలు రాసుకున్నాను. లెక్కల్లో మొత్తాన్ని మాత్రమే చూసేవాళ్ళను జీవితమంతా ఈసడించుకున్నదాన్ని.

గురువారం పొద్దున గుమాస్తాకు ఫోను చేసి, ఆ నాలుగు రోజుల కాగితాలూ ఫోటో తీసి పంపమన్నాను. పెట్టెలోని లెక్కలు రోజూ రాత్రి కోడలి కార్ఖానాకు చేరతాయి, వాటిని ఆమె పంపింది. కాగితం ఒకవైపు, పెట్టె ఒకవైపు పెట్టుకుని స్కేలు కిందికి జరుపుకుంటూ చదివాను. జరపడానికి ఏమీ లేకపోయింది. నాలుగు రోజుల్లోనూ గుమాస్తా కాగితంలో రెండో మూట బరువు, పెట్టెలో మొదటి మూట బరువు ఒకటే. తగ్గింది ప్రతిసారీ ఆ రోజు మొదటి మూటే.

మొదటి మూట అంటే పెట్టె నిద్రలోంచి లేచే వేళ. నా ఐదువందల నొక్కుల్లో పెట్టె నిద్రలేచింది రెండే రెండుసార్లు. వెంటనే కోడలికి చెప్పాను. ఆమె గురువారమంతా పెట్టెను నిద్రపుచ్చి, లేపి, నొక్కి చూసింది. నలభైసార్లు. మీట నొక్కితే పెట్టె లేస్తుంది, దీపం వెలుగుతుంది, దీపం వెలిగాక మళ్ళీ నొక్కితే మూట లెక్కకు ఎక్కుతుంది. మేము రాసిచ్చిన పద్ధతి అదే, మేమిద్దరం వాడేదీ అదే. నలభైకి నలభై వచ్చాయి.

“అత్తా, ఇంగ నావల్ల కాదు. నా పెట్టె మంచిది, ఆ మనిషీ మంచోడే, మొదటి మూటే చెడ్డది,” అని ఫోను పెట్టేసింది.

శుక్రవారం పొద్దున ఏడూ ఇరవైకి యార్డు గేటు దాటాను. సోమవారం అతను చెప్పిన పని అప్పటికి చేయబోతున్నాను. నాలుగు రోజులు ఆలస్యం. అంతవరకూ ఆ పెట్టెను దాని కాటా పక్కన నేను చూడనే లేదు. పత్తి బళ్ళు, ఆటోలు, ట్రాక్టర్లు అడ్డదిడ్డంగా నిలబడి ఉన్నాయి. గాలిలో పత్తి నూగు. నన్ను చూసి గుమాస్తా స్టూలు వేశాడు. కాటా మనిషి భుజం మీది తువ్వాలుతో కాటా బల్లను తుడిచాడు.

హమాలీలు మొదటి మూట తెచ్చి కాటా మీద దించారు. అతను పచ్చ మీట మీద వేళ్ళు ఆనించి నొక్కాడు. ఆ వేళ్ళను రెండు కళ్ళకూ అద్దుకున్నాడు. మళ్ళీ నొక్కాడు.

“లాభం!” అని కేక వేసి, బరువు పలికాడు. గుమాస్తా రాసుకున్నాడు.

నేను స్టూలు మీంచి లేచాను. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనకుండా లాభం అనడం నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. మా అమ్మ బియ్యం కొలిచినా అలాగే మొదలుపెట్టేది. తెలిసి కూడా, ఐదువందల సార్లు నొక్కుతూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను.

“రెండుసార్లు నొక్కావేమప్పా?”

“నొక్కల్ల గదా. పొద్దున మొదటిది దేవునికి. రెండోది కాటాకు.”

“మొదటిసారి నొక్కగానే దీపం వెలిగిందా లేదా అని చూడవా?”

“కండ్లకద్దుకునేటప్పుడు కండ్లు మూసుకుంటారమ్మా. తెరుసుకుని దీపం చూస్తారా ఎవురన్నా?”

“ఇంకొకసారి అద్దుకో, టైము చూస్తాను.”

“మొదటి మూట అయిపాయె గదా. ఇంగ రేపే.”

“ఉత్తినే అద్దుకో అప్పా, నొక్కొద్దు.”

“నేనేమన్నా నాటకం ఆడతాండానామ్మా ఈడ, మల్లా మల్లా దండం పెట్టనీకి? రైతులు నవ్వుతారు.” నిజంగానే ట్రాక్టరు మీద కూర్చున్నవాళ్ళు నవ్వుతున్నారు. ఒకాయన, “అద్దుకోన్నా, టీచరమ్మ మార్కులేస్తాది!” అన్నాడు. అతను పళ్ళు బిగించి మూడుసార్లు అద్దుకున్నాడు. నా గడియారంలో ముల్లు చూశాను. సెకను, సెకనుకు కొంచెం ఎక్కువ, మళ్ళీ సెకను.

అక్కడే నిలబడి కోడలికి ఫోను చేశాను.

“పెట్టెను నిద్రపుచ్చు. మూట పెట్టు. నొక్కు. వేళ్ళు కళ్ళకద్దుకో. దీపం చూడకు. మళ్ళీ నొక్కు.”

“ఏం పూజ అత్తా ఇది?”

“చెప్పింది చెయ్యి. తొందరగా కాదు, భక్తిగా అద్దుకో.”

తొమ్మిదోసారికి ఫోనులో అరుపు వినిపించింది. తెర మీద ఒకటి కనిపించి, ఆ తర్వాతి మూటకు మళ్ళీ ఒకటే పడిందట. నేను పదీ పదికి బస్సెక్కాను. నేను చేరేసరికి కోడలు తల పట్టుకుని కూర్చుంది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని దారిలో అక్కడక్కడా ‘ఇక్కడికి వచ్చాను’ అని రాయమని కెర్నెల్‌కు చెప్పిందట. అలా చెప్పగానే ఇరవైసార్లు అద్దుకున్నా తప్పు రాలేదు. రాయడానికి పట్టే ఆ కాస్త సమయమే వేళలను మార్చేస్తుంది. నిలబెట్టి చూద్దామంటే కనిపించదు, చూడడం మానితే మూట మింగుతుంది. ముప్పై మూడేళ్ళలో ఇలాంటివి ఎన్ని చూశానో నా పాత నోటుబుక్కుల్లో ఉంది. ఒక్కదాన్నీ ఓపికగా పట్టలేదు. అన్నిటినీ తిట్టుకుంటూనే పట్టాను.

“రాతలన్నీ తీసెయ్యి. చదువుదాం. లేచే వేళ చేసే పనులు ఎన్ని వరుసలు?”

“ముప్పై ఒకటి.”

ముప్పై ఒక్క వరుసల్లో పన్నెండోదాని దగ్గర నా వేలు ఆగింది. పెట్టె నిద్రపోయే ముందు మూటల సంఖ్యను మెమొరీ కార్డులో దాచుకుంటుంది. లేవగానే రెండు పనులు చేయాలి. కార్డులోంచి ఆ సంఖ్యను తెచ్చుకోవాలి. అది నిదానమైన కార్డు, సెకను దాకా పడుతుంది. మీట నొక్కితే వినడానికి చెవి తెరవాలి. మా ప్రోగ్రాములో చెవి ముందు తెరుచుకుంటోంది, సంఖ్య తర్వాత వస్తోంది. దీపం వెలిగేది ఆ రెండూ అయ్యాక. అతని దండం నొక్కుకు పెట్టె లేస్తుంది. ఒక కోరు, నిన్న సాయంత్రం లెక్క ముగించాక దాచిన సున్నాను తేవడానికి కార్డు దగ్గరికి పోతుంది. అంతలో కళ్ళకద్దుకున్న వేళ్ళు రెండోసారి మీట మీద పడతాయి. చెవి తెరిచే ఉంది కాబట్టి రెండో కోరు వింటుంది, ఒకటి వేస్తుంది. అప్పుడు మొదటి కోరు సున్నాతో తిరిగి వచ్చి, తలుపు వంక చూడని మా తమ్ముడిలాగే, ఆ ఒకటి మీద సున్నా దిద్దుతుంది. రెండో మూట వచ్చి మొదటి మూట చోట్లో కూర్చుంటుంది. అతను నిదానంగా అద్దుకున్న రోజు ఏ తప్పూ ఉండదు.

“అత్తా,” అంది కోడలు. గొంతు తగ్గించింది, మగ్గాల చప్పుడులో సరిగా వినపడలేదు. “ఆ వరుస నేను ముందు కిందనే పెట్టింటి.”

నాకు గుర్తుంది. గుర్తు లేకపోయినా నోటుబుక్కులో ఉంది. సెప్టెంబరు పేజీలో, సాయంత్రం నాలుగూ ఇరవై అని వేసి, నా అక్షరాలతో: ‘లేవగానే మీట పలకడం లేదు. చెవి తెరిచే వరుసను పైకి జరపమన్నాను. జరిపింది.’ ఆమె సరిగ్గా రాసింది. సరిచూసే మనిషిని నేను. తప్పును నేను పెట్టించి, తప్పు లేదని నేనే రాసిచ్చాను.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే వింటివా? ‘నీకంటే ముందు పుట్టినా’ అంటివి. అది గూడా రాసుకున్నావేమో చూడు.”

అది రాసుకోలేదు.

దిద్దుబాటు నాలుగు వరుసలు. సంఖ్య వచ్చేదాకా దానికి తాళం. ఆలోపు మీట నొక్కితే వినాలి, గుర్తుపెట్టుకోవాలి, సంఖ్య వచ్చాక కలపాలి. పదిహేను నిమిషాల్లో అయింది. పరీక్ష చేయడానికి సాయంత్రం దాకా పట్టింది. కోడలు నొక్కడం, అద్దుకోవడం, నొక్కడం. నేను గీతలు గీయడం. తొందరగా అద్దుకుని, నిదానంగా అద్దుకుని, ఒక కంటికే అద్దుకుని చూశాం. నూట యాభై. నూరోసారి తమ్ముడు మెట్ల మీద నిలబడి, “ఏం దేవుడమ్మా వీడు, ఇన్ని దండాలు పెట్టినా పలకడు?” అన్నాడు. నూట యాభైకి నూట యాభై వచ్చాయి. ఈసారి ఆ సంఖ్యను చూసి నాకు ధైర్యం రాలేదు. ఐదువందలను నమ్మి ఎక్కడికి పోయానో తెలుసు. ముప్పై ఒక్క వరుసలనూ మళ్ళీ మొదటి నుంచి చదివాను, కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి వరుసకూ ‘నీకు సరేనా’ అని అడిగి.

శనివారం పొద్దున మేమిద్దరం మొదటి మూటకు ముందే యార్డుకు పోయాం. కోడలు పెట్టెలో కొత్త ప్రోగ్రాము వేసింది. అతను నొక్కి, అద్దుకుని, నొక్కాడు. లాభం అన్నాడు. రెండో మూటకు తెర మీద రెండు పడింది. నేను యజమాని దగ్గరికి పోయి జరిగింది చెప్పాను, తలుపు, సుద్ద, తమ్ముడు, అన్నీ.

ఆయన సగం విని చెయ్యి ఊపాడు. “సరే మేడం, ఇప్పుడు హిసాబ్ బరాబర్ వస్తాది గదా? ఐతే ఆ రెండు నొక్కుళ్ళు బంద్ చేయమనండి. ఒక్క తూరి నొక్కితే ఈ గలాటానే ఉండకపోవు.”

“అతను ఎన్నిసార్లు నొక్కినా తప్పు రాకూడదు. రానివ్వకుండా చూసుకోవడం పెట్టె పని. అతని నొక్కుడు జోలికి పోవద్దు.”

“అంటే మనిషిని తీసేసే పని లేదంటారు.”

“లేదు. ఏ రోజూ అతనివల్ల మూట తగ్గలేదు.”

కాటా దగ్గర నుంచి అతను వింటూనే ఉన్నాడు. మూటను అలాగే వదిలి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“నోటి మాట వద్దమ్మా. పెట్టెకు కాగితం మీద రాసినారు. నాకు గూడా కాగితం మీదనే రాయల్ల.”

గుమాస్తా తెల్ల కాగితం ఇచ్చాడు. రాశాను: ‘పెట్టెలో తప్పు ఉండింది. ఆ తప్పు పెట్టించింది నేను. నేను ఇదివరకు రాసిచ్చిన కాగితం తప్పు. కాటా వేసే మనిషి పలికిన ప్రతి మూటా ఉంది.’ సంతకం, తేదీ, ఎనిమిదీ నలభై. అతను దాన్ని తీసుకుని, చదవడం రాదు కాబట్టి గుమాస్తాకు ఇచ్చాడు.

“గట్టిగా సదువప్పా. మూటల బరువు నేను ఎట్ల పలుకుతానో అట్ల.”

గుమాస్తా చదివాడు. బండ్ల దగ్గర ఉన్నవాళ్ళు తలలు తిప్పారు.

“ఇంగొక తూరి.”

“ఒకసారి సాలదా అన్నా?”

“మొదటిది దేవునికయిపాయె. నాకు సదువు.”

గుమాస్తా మళ్ళీ చదివాడు. యజమాని లేచి, గోడ మీది పాత కాగితాన్ని పీకబోయాడు. అతను అడ్డం పోయాడు.

“అది పీకొద్దన్నా. దాని పక్కనే ఇది అంటించు. రెండూ ఒకే చెయ్యి రాసినట్ల కనపడల్ల.”

యజమాని నా వంక చూశాడు. అలాగే చేయమన్నాను. రెండు కాగితాలూ పక్కపక్కన నిలబడ్డాయి, రెండింటి కిందా నా తేదీలు. మధ్య పద్దెనిమిది రోజులు. వాటిని చూస్తూ నేను కాటా దారికి అడ్డంగా నిలబడిపోయాను. వెనక హమాలీలు మూట ఎత్తుకుని ఆగి ఉన్నారు.

“పక్కకు జరుగమ్మా,” అన్నాడు అతను. “మూటలొస్తాండాయి.”